మార్కులు, ర్యాంకులు, మన బెంగ

కొన్ని సంవత్సరముల క్రిందట మాఘమాసమున నొకనాటి సాయంకాలము మా యింటి అరుగుమీద ఇద్దఱు కూర్చుండి నాకొఱకు ఎదురుచూచుచుండిరి. ఒకడు మన పాఠశాలలో పదవ తరగతివఱకు తెలుగు మాధ్యమమున చదివి, అప్పటికి వేఱొక ఊర పండ్రెండవ తరగతి చదువుచున్న పిల్లవాడు. రెండవవాడు అతని తండ్రి, రాగిచేను సేద్యము చేసికొను రైతు. నన్ను చూడగనే తండ్రి లేచి నిలిచి యిట్లనెను:

“అయ్యవారూ, వీడు వారంగా సరిగా అన్నం తినడు, రాత్రి నిద్రపోడు. పుస్తకం తెరిచేది, వెనక అట్టమీద ఏవో లెక్కలు వేసేది, మళ్లీ మూసేది. ఏమిరా అంటే పలకడు. మీరైనా అడగండి.”

పిల్లవాని చేతిలోని పుస్తకము నేను పుచ్చుకొని చూచితిని. వెనుక అట్టమీద ఒకే కూడిక పదునేడుసారులు వేయబడి యున్నది. ఒక్కొక్కసారి ఒక్కొక్క అంకె మార్చి, ఇట్లు వచ్చిన ఎంత, అట్లు వచ్చిన ఎంత అని అతడు తన భవిష్యత్తును కొలుచుకొనుచుండెను. కొంతసేపటికి తలవంచుకొని, “మాదిరి పరీక్షలో నాకు తమిళంలో 58 వచ్చింది అయ్యవారూ. కటాఫ్ పడిపోతుంది. నాకింక సీటు రాదు” అనెను.

ఆ మాట విని నాకు జాలియు, కొంచెము ఆశ్చర్యమును కలిగినవి. అతడు వారముదినములు అన్నము మానిన ఆ 58 మార్కులు, అతడు కోరిన ఇంజనీరింగు ప్రవేశపు కటాఫ్‌లో లెక్కకే రావు. ఆ సంగతి అతనికి చెప్పినవారు లేరు. అతడు ఎవరినీ అడుగను లేదు.

ఆనాటినుండి నేనొక విషయము గ్రహించితిని. మన పిల్లల బెంగలో సగము తెలియనితనము. తక్కిన సగము నిజమైన కష్టము. మొదటి సగమునకు మందు తెలిసికొనుట. రెండవ సగమునకు మందు పనియు, ఓర్పును. ఈ వ్యాసమున మొదటి సగమును గూర్చి యెక్కువగాను, రెండవ సగమును గూర్చి కొంతయు వ్రాయుచున్నాను. విద్యార్థులును, వారి తల్లిదండ్రులును కలసి కూర్చుండి చదువవలెనని నా కోరిక.

మార్కు, పర్సెంటైల్, ర్యాంకు

ఈ మూడు మాటలను మనవారు ఒకదానికొకటి మార్చి వాడుచుందురు. అవి మూడును వేఱు.

మార్కు అనగా ప్రశ్నపత్రమునకు నీవు ఇచ్చిన జవాబుల విలువ. అది నీకును, ప్రశ్నపత్రమునకును నడుమనున్న లెక్క. పక్కవాడు ఎట్లు వ్రాసినను నీ మార్కు మాఱదు.

పర్సెంటైల్ అట్టిది కాదు. అది నీకును తోటివారికిని నడుమనున్న లెక్క. ఒక పరీక్షను 200 మంది వ్రాసిరనుకొందము. వారిలో నీతో సమానముగా గాని, నీకంటె తక్కువగా గాని మార్కులు తెచ్చుకొన్నవారు నిన్నుకూడ కలిపి 180 మంది యైనచో నీ పర్సెంటైల్ 90. అప్పుడు నీ మార్కులు నూటికి 50 కావచ్చును, 85 కావచ్చును. ప్రశ్నపత్రము కఠినమైనచో తక్కువ మార్కులకే ఎక్కువ పర్సెంటైల్ వచ్చును. జె.ఇ.ఇ. మెయిన్ పరీక్ష పలుదినములు, పలు పూటలు జరుగును గనుక, ఒక పూట ప్రశ్నపత్రము సులభముగను మఱియొక పూట కఠినముగను ఉండవచ్చును. ఆ తేడా వలన ఎవరికిని అన్యాయము జరుగకుండుటకై ఏ పూటవారిని ఆ పూటవారితోనే పోల్చి 2019 నుండి పర్సెంటైల్ ఇచ్చుచున్నారు.

ఇచట నొక మెలకువ వలయును. 90 పర్సెంటైల్ అనగానే నూటికి తొంబది మార్కులు వచ్చినట్లు సంతోషింపరాదు. పది లక్షలమంది వ్రాసిన పరీక్షలో 90 పర్సెంటైల్ తెచ్చుకొన్నవానికి పైన ఇంచుమించు లక్షమంది యుందురు. 99 తెచ్చుకొన్నవానికి పైన పదివేలమంది యుందురు. అట్లే నూటికి 50 మార్కులే వచ్చినవని వెంటనే ఏడ్వరాదు. ముందు అది ఏ లెక్కయో తెలిసికొని, పిమ్మట సంతోషమో విచారమో పడవలెను.

ర్యాంకు అనగా వరుసలో నీ స్థానము. కటాఫ్ అను మాటకు రెండర్థములు గలవు. తమిళనాట నీ మార్కులనుండి తీసిన మొత్తమును కటాఫ్ అందురు. ఒక కళాశాలలో చివరి సీటు పొందినవాని మార్కునుగూడ కటాఫ్ అందురు. మొదటిది నీది; రెండవది ఆ యేటి గుంపుది. గత సంవత్సరపు కటాఫ్ ఈ సంవత్సరపు కటాఫ్ కాదు. ప్రశ్నపత్రము సులువైనను, సీట్ల సంఖ్య మాఱినను, ఒక శాఖపై అందఱి మోజు పెరిగినను తగ్గినను అది మాఱుచుండును. అది దారి చూపుటకు పనికివచ్చును గాని తీర్పు చెప్పుటకు పనికిరాదు.

తమిళనాటి ఇంజనీరింగు లెక్క

తమిళనాట ఇంజనీరింగు కళాశాలలలో ప్రభుత్వ సంప్రదింపుల ద్వారా భర్తీ చేయు సీట్లకు 2007 నుండి ప్రవేశపరీక్ష లేదు. పండ్రెండవ తరగతి మార్కులే ఆధారము. లెక్క 200కు. గణితమునకు 100, భౌతికశాస్త్రమునకు 50, రసాయనశాస్త్రమునకు 50. అనగా గణితపు మార్కులను ఉన్నవి ఉన్నట్లుగా తీసికొని, భౌతిక రసాయనశాస్త్రముల మార్కులను సగము చేసి కలుపుదురు.

ఉదాహరణమునకు ఒకనికి గణితమున 92, భౌతికశాస్త్రమున 84, రసాయనశాస్త్రమున 90 వచ్చినవనుకొందము. 92నకు 42ను 45ను కలుపగా 179. ఇదియే అతని కటాఫ్. భాషల మార్కులు ఇందులో చేరవు. అయితే భాషలలో ఉత్తీర్ణత తప్పనిసరి. భాష తప్పినవానికి పండ్రెండవ తరగతియే పూర్తికాదు గదా. కావున తమిళమును నిర్లక్ష్యము చేయుడని నేను చెప్పుట లేదు. మనము నివసించు నేల భాష అది. మన పొరుగువారి భాష అది. బెంగతో గాక ప్రేమతో నేర్చుకొనుడని చెప్పుచున్నాను.

ఈ లెక్కలో చదువునకు పనికివచ్చు రహస్యమొకటి యున్నది. గణితమున పెరిగిన ఒక మార్కు కటాఫ్‌ను ఒకటి పెంచును. భౌతికశాస్త్రమున పెరిగిన ఒక మార్కు అర మాత్రమే పెంచును. ఇద్దఱికి కటాఫ్ సమానమైనప్పుడును ముందుగా చూచునది గణితపు మార్కులే. కావున దినమునకు ఒక గంట అదనముగా దొరకినచో దానిని ఎచట పెట్టవలెనో ఈ లెక్కయే చెప్పుచున్నది.

ఎంపికల జాబితాను గూర్చిన భయము

మార్కులు వచ్చిన పిమ్మట మన పిల్లలను పట్టు రెండవ భయము కళాశాలల జాబితాను వ్రాయునప్పుడు కలుగును. “పెద్ద కళాశాలను మొదట వ్రాస్తే అది రాదు. ఈలోపల చిన్న కళాశాల సీటుకూడ పోతుంది” అని యెవరో చెప్పుదురు. ఆ మాట నమ్మి, రాదగిన మంచి కళాశాలను వ్రాయక విడిచిన పిల్లలు గలరు.

ఈ యేర్పాటు జరుగు విధము నెఱిగినచో ఆ భయము తొలగును. ర్యాంకు వరుసలో ముందున్న విద్యార్థి జాబితాను మొదట తీసికొందురు. అతడు వ్రాసిన వాటిలో పైనుండి క్రిందికి చూచుచు, సీటు ఖాళీగా నున్న మొట్టమొదటి దానిని అతనికి ఇత్తురు. పిమ్మట తరువాతి వాని జాబితా. నీ వంతు వచ్చినప్పుడు నీ మొదటి ఎంపికలో సీటు లేనిచో, అదే క్షణమున నీ రెండవ ఎంపికను చూతురు. దానిలోను లేనిచో మూడవదానిని. నీ మూడవ ఎంపికను మొదట వ్రాసికొన్న వేఱొకడు నీకంటె క్రింది ర్యాంకువాడైనచో వాడు నీకు ముందు రాజాలడు. కావున పెద్ద కళాశాలను పైన వ్రాయుటవలన చిన్నది పోదు. నీ మనస్సునకు నిజముగా ఏది మొదటిదో దానిని మొదటను, ఏది రెండవదో దానిని రెండవదిగను వ్రాయుటయే సరియైన పద్ధతి. జాబితా పొడవుగా నుండుట మేలు. ఇష్టము లేని కళాశాలను మాత్రము వ్రాయరాదు. వ్రాసినచో అదియే రావచ్చును.

చెన్నపట్టణపు గిండీ ఇంజనీరింగు కళాశాల 1794లో భూమి కొలతలు నేర్పు చిన్న పాఠశాలగా మొదలైనది. 1978లో ఏర్పడిన అన్నా విశ్వవిద్యాలయమున నేడు అది ముఖ్యమైన అంగము. అట్టిదానిని జాబితాలో వ్రాయుటకు ఎవరి అనుమతియు అక్కఱలేదు. వ్రాయుడు.

పరీక్షయే భాషలో?

తెలుగు మాధ్యమపు పిల్లలకు ఇది అన్నిటికంటె ముఖ్యమైన విషయము. వైద్యవిద్యకు నీట్, ఇంజనీరింగునకు జె.ఇ.ఇ. మెయిన్, కేంద్ర విశ్వవిద్యాలయములకు సి.యు.ఇ.టి. అను మూడు పెద్దపరీక్షలును నేడు పదుమూడు భాషలలో జరుగుచున్నవి. వానిలో తెలుగు ఒకటి. ఇది విని మనవారు సంతోషింతురు. కాని చిన్న అక్షరములలో నున్న నిబంధనను చదువరు.

నీట్, జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షలకు ఇటీవలి సంవత్సరములలో వెలువడిన సమాచారపత్రములలో, తెలుగు ప్రశ్నపత్రము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలోని కేంద్రములకే అని చూపబడినది. అనగా హోసూరులోనో, సేలములోనో, బళ్లారిలోనో, బరంపురములోనో కేంద్రము కోరుకొన్న తెలుగు పిల్లవానికి తెలుగు పత్రము దొరకదు. తెలుగు పత్రము కావలెనన్నచో ఆ రెండు రాష్ట్రములలోని కేంద్రమును ఎన్నుకొనవలెను. దరఖాస్తు నింపునాడే ఆ సంవత్సరపు సమాచారపత్రమును తెఱచి, ఈ నిబంధన ఎట్లున్నదో స్వయముగా చూచుకొనుడు. ఇంటర్నెట్టు దుకాణమున నింపి యిచ్చువానికి విడిచిపెట్టకుడు. సరిహద్దు జిల్లాలవారికి చిత్తూరో తిరుపతియో దూరము కాదు. దూరముననున్నవారు ప్రయాణపు బడలికను, భాష వలన కలుగు లాభమును తూచి నిర్ణయించుకొనవలెను. నీట్ పరీక్షలో ప్రాంతీయభాష కోరినవారికి ఇంగ్లీషుకూడ పక్కనే ముద్రింతురు. రెంటికి తేడా వచ్చినచో ఇంగ్లీషు పాఠమే ప్రమాణము.

ఐ.ఐ.టి.లకు దారియైన జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ పరీక్ష మాత్రము ఇంగ్లీషు, హిందీ భాషలలోనే జరుగును.

కావున పదవ తరగతివఱకు తెలుగున చదివిన పిల్లలు ఇప్పటినుండియే ఒక పనిచేయవలెను. పలుచని నోటుపుస్తకమొకటి తీసికొని ప్రతి పుటను రెండుగా గీయుడు. ఎడమప్రక్క త్వరణము, కుడిప్రక్క ఆక్సిలరేషన్; ఎడమప్రక్క పీడనము, కుడిప్రక్క ప్రెషర్; మూలకము, ఎలిమెంట్; సంయోజకత, వేలెన్సీ; కిరణజన్యసంయోగక్రియ, ఫోటోసింథసిస్. దినమునకు ఐదు మాటలు వ్రాసినచో ఒక సంవత్సరమునకు పదునెనిమిది వందలకు పైగా మాటలు చేరును. పదునొకండవ తరగతిలో మాధ్యమము మాఱినప్పుడు మన పిల్లలను క్రుంగదీయునది విషయము కాదు, మాటయే. త్వరణమనగా ఏమో తెలిసినవానికి ఆక్సిలరేషన్ క్రొత్త జ్ఞానము కాదు, పాత చుట్టమునకు మఱియొక పేరు మాత్రమే. తెలుగున అర్థము చేసికొన్న శాస్త్రము వ్యర్థము కాదని గట్టిగా నమ్ముడు.

“మనం తెలుగువాళ్లం గదా, ఆంధ్రలో సీటు రాదా?”

ఈ ప్రశ్నను చాలమంది తల్లిదండ్రులు నన్నడిగిరి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశములను గూర్చి 1974లో రాష్ట్రపతి ఉత్తరువు వెలువడినది. దాని ప్రకారము సీట్లలో నూటికి 85 స్థానికులకు కేటాయింపబడినవి. స్థానికుడెవడో నిర్ణయించునది మాతృభాష కాదు. అచట చదివిన సంవత్సరములు, నివసించిన సంవత్సరములు. కావున ఇంట తెలుగు మాటలాడినంత మాత్రమున, తరతరములుగా ఇచటనున్న మనము అచట స్థానికులము కాజాలము. ఇది తెలియక ఒక సంవత్సరము పోగొట్టుకొన్నవారు గలరు.

కేంద్ర విశ్వవిద్యాలయములు వేఱు. 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయమువంటి చోట ఏ రాష్ట్రపు విద్యార్థియైనను పోటీపడవచ్చును. ఇంటర్మీడియెట్ స్థాయి చదువు ముగిసిన వెంటనే చేరదగిన ఐదేండ్ల కోర్సులు అచట గలవు. వానికి దారి సి.యు.ఇ.టి. పరీక్షయే.

ఇంట నుంచుకొనవలసిన పత్రములు

మరల ఆ రైతు కథకు వత్తును. పిల్లవానితో మాటలాడిన పిమ్మట తండ్రి, “మా వంశంలో కాలేజీ మెట్లు ఎక్కినవాడు లేడు అయ్యవారూ. వీనికి సీటు వచ్చినా ఫీజు ఎక్కడినుంచి తేవాలో” అని తలపాగ తీసి చేత పట్టుకొనెను. తన వంశమున కళాశాల మెట్లెక్కినవాడు లేడన్న ఆ మాటయే అతని కుమారునికి అర్హత యని అతడెఱుగడు. కుటుంబమున మొట్టమొదటి పట్టభద్రుడు కాబోవు విద్యార్థికి, ప్రభుత్వ సంప్రదింపుల ద్వారా వృత్తివిద్యలో చేరినచో, తమిళనాడు ప్రభుత్వము బోధనారుసుములో రాయితీ యిచ్చుచున్నది. దానికి తాలూకా కార్యాలయమునుండి ధ్రువపత్రము తేవలెను.

మఱియొకటి. ఆరవ తరగతి మొదలు పండ్రెండవ తరగతివఱకు తమిళనాటి ప్రభుత్వ పాఠశాలలలోనే చదివినవారికి నూటికి 7.5 సీట్లు ప్రత్యేకింపబడినవి. వైద్యవిద్యలో ఈ ఏర్పాటు 2020లోను, ఇంజనీరింగు, వ్యవసాయము, న్యాయశాస్త్రము మున్నగు వానిలో 2021లోను వచ్చినది. ఈ సీట్లకు పోటీ ప్రభుత్వ పాఠశాలల పిల్లల నడుమనే. వైద్యవిద్యకు మాత్రము నీట్ అర్హత తప్పదు. ప్రభుత్వ పాఠశాలలో తెలుగు మాధ్యమమున చదివితిమని సంకోచింప నక్కఱలేదు. చదివినది ప్రభుత్వ పాఠశాలయా కాదా అనునదియే ప్రశ్న. ఆరవ తరగతినుండి ఏ యేట ఏ పాఠశాలలో చదివితిరో చూపు ధ్రువపత్రములను ముందుగానే సంపాదించుకొనుడు.

కులధ్రువపత్రము, ఆదాయధ్రువపత్రము, నివాసధ్రువపత్రము అనువానిని పరీక్షలు ముగిసిన తరువాత చూతమనుకొనరాదు. పేరు అన్ని పత్రములలోను ఒకే విధముగ నున్నదా? తెలుగున ఒక తీరుగ, తమిళమున వేఱొక తీరుగ పలికిన పేరు ఇంగ్లీషు అక్షరములలో రెండు రూపములు దాల్చుట మన ఇండ్లలో నిత్యము జరుగునదే. తొమ్మిదవ తరగతిలోనే సరిచూచుకొన్నచో పిమ్మట పరుగులు తప్పును.

ఇరువదిమందిలో ఒకడు

ఇంతవఱకు చెప్పినది తెలిసికొనదగినది. ఇక తెలిసికొన్నను తొలగని బెంగ యున్నది. 2024లో నీట్ పరీక్షను ఇరువదిమూడు లక్షలకు పైగా విద్యార్థులు వ్రాసిరి. ఎం.బి.బి.ఎస్. సీట్లు దేశమంతట లక్షకు కొంచెము పైన. వానిలో ఇంచుమించు సగమే ప్రభుత్వ కళాశాలలలోనివి. అనగా ఇరువదిమందిలో ఒకనికి మాత్రమే సీటు. ఐ.ఐ.టి.లు 23 ఉన్నను అన్నింట కలిపి సీట్లు సుమారు పదునెనిమిది వేలు. ఈ అంకెలను దాచి, “కష్టపడితే తప్పక వస్తుంది” అని పిల్లలకు చెప్పుట సత్యము కాదు. కష్టపడినవారిలోను అనేకులకు రాదు. సీట్లే లేవు గదా.

అయితే ఇరువదింట ఒకటి అనునది అందఱి సగటు మాత్రమే. ఇది లాటరీ కాదు. బాగుగా సిద్ధపడినవాని అవకాశము దానికంటె చాల ఎక్కువ. సిద్ధపడనివానిది చాల తక్కువ. నీ అవకాశమును తెలిసికొనుటకు దేశపు అంకెలను గాక, గడియారము ఎదుట పెట్టుకొని వ్రాసిన నాలుగైదు పాత ప్రశ్నపత్రములలో నీకు వచ్చిన మార్కులను చూడుము. ఒక్క పత్రమును చూచి తీర్పు చెప్పికొనకుము. నాలుగైదింటి సగటును చూడుము.

ఈ అంకెల పరుగు ఎంతదూరము పోగలదో చెప్పుటకు ఒక నిదర్శనము. ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు చెందిన ఒక ప్రసిద్ధ కళాశాలలో, 2011లో, వాణిజ్యశాస్త్రము చదువక వచ్చినవారికి బి.కాం. ఆనర్సు ప్రవేశమునకు నూటికి నూఱు మార్కులు కావలెనని ప్రకటించిరి. 2021లో నూటికి నూఱు కోరిన కళాశాలలు ఒకటి రెండు కాదు. 2022లో సి.యు.ఇ.టి. వచ్చి ఆ పద్ధతియే మాఱిపోయినది. నూటికి 99 తెచ్చుకొని ఆ యేడు సీటు రాని పిల్లలు తెలివితక్కువవారా? కారు. గేటు ఎత్తు మాఱినది, పిల్లలు మాఱలేదు.

మన మదరాసులో చదివిన ఒక తెలుగు విద్యార్థి

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసారులు తప్పి, మూడవసారి మదరాసులోని హిందూ ఉన్నతపాఠశాలనుండి ఉత్తీర్ణుడయ్యెను. మదరాసు వైద్యకళాశాలలో చదివి, చివర కోరిన ఎం.బి.బి.ఎస్. పట్టము గాక, దానికంటె తక్కువదిగా నెంచబడు ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందెను. 1923లో అమెరికాకు పోయి హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరెను. రక్తములో భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కె అను ఆచార్యునితో కలసి 1925లో వెలువరించెను. పిమ్మట లెడర్లీ పరిశోధనశాలలో ఆయన నడపిన పరిశోధనలనుండి బోదకాలునకును, క్యాన్సరునకును నేటికిని వాడు మందులు వెలువడినవి. 1948లో ఆయన పరమపదించెను.

ఈ కథను “పరీక్ష తప్పినవారందఱు సుబ్బారావులగుదురు” అని చెప్పుటకు వ్రాయలేదు. అట్లు చెప్పుట పిల్లలను మోసగించుట. పరీక్ష తప్పి ఊరకుండినచో ఆయన పేరు మనకు తెలిసియుండెడిది కాదు. మూడవసారి వ్రాసినాడు, తక్కువ పట్టముతోనే ముందుకు నడచినాడు. పరీక్ష ఆనాటి ఆయనను కొలిచినది. ఆయన జీవితమునంతను కొలువలేదు. ఈ ఒక్క మాటయే మనము గ్రహింపవలసినది.

తలుపు ఒక్కటియే కాదు

పాలిటెక్నిక్ డిప్లొమా ముగించినవారు ఇంజనీరింగు రెండవ సంవత్సరమున నేరుగా చేరవచ్చును. మదరాసు ఐ.ఐ.టి. 2021 నుండి దత్తాంశశాస్త్రమున దూరముననుండి చదువదగిన పట్టపు చదువును నడుపుచున్నది. దానికి జె.ఇ.ఇ. అక్కఱలేదు, నాలుగువారముల పాఠములు చదివి, అర్హతపరీక్షలో నెగ్గినచో చేర్చుకొందురు. జిల్లా కళాశాలలో బి.ఎస్సి. చక్కగా చదివినవాడు ఎం.ఎస్సి.కి పెద్ద విశ్వవిద్యాలయమునకు పోటీపడవచ్చును. పదునేడేండ్ల వయస్సున మూసికొన్న తలుపు ఇరువదియొకటవ యేట మఱియొక దిక్కున తెఱచుకొనుచున్నది.

తల్లిదండ్రులకు రెండు మాటలు

పిల్లవానికి సీటు రాకమునుపే “మావాడు డాక్టరు” అని ఊరంతయు చాటకుడు. ఆ మాట వానికి దీవెనగా గాక బరువుగా తోచును. పక్కింటి పిల్లతో పోల్చకుడు. మార్కులు తెలిసిన నాడు మొదట అడుగవలసిన ప్రశ్న “ఎంత వచ్చినది?” అని కాదు, “అన్నము తింటివా?” అని. ఫలితము ఎట్టిదైనను ఇంట వాని కంచము, వాని పక్క, వాని గౌరవము ఉన్నచోటనే ఉండునని ఫలితమునకు ముందే నోరు తెఱచి చెప్పుడు. మనసులో నుండిన చాలదు. పిల్లలు మన మనస్సును చదువలేరు.

పిల్ల పలుకుట మానినను, నిద్ర తిండి మానినను, బ్రదుకుమీద విరక్తిగా మాటలాడినను దానిని సోమరితనమని తిట్టకుడు. ప్రక్కన కూర్చుండుడు. దేశమంతట ఉచితముగా పనిచేయు టెలి-మానస్ అను ప్రభుత్వపు సేవ 2022 నుండి గలదు; దాని దూరవాణి సంఖ్య 14416. అనేక భారతీయ భాషలలో మాటలాడువారు అచట నుందురు. వైద్యుని వద్దకు పోవుట అవమానము కాదు.

విద్యార్థులకు

రాత్రి నిద్రమాని చదివినది నిలువదు. చదివినది నిద్రలోనే మనస్సున గట్టిపడును. అదే పుటను ఐదుసారులు చదువుటకంటె, ఒకసారి చదివి, పుస్తకము మూసి, గుర్తున్నంత కాగితముపై వ్రాసి సరిచూచుకొనుట మేలు. ఒకే దినమున ఐదుగంటలు చదువుటకంటె ఐదుదినములు గంట చొప్పున చదువుట మేలు. బెంగ కలిగినప్పుడు అది ఏమో ఒక కాగితముపై వ్రాయుడు. దాని ప్రక్కన, “ఇది నాకు నిజముగా తెలిసినదా, ఊహించినదా? ఎవరిని అడిగిన తెలియును?” అని వ్రాయుడు. సగము వరుసలు ఆ ప్రశ్నతోనే కొట్టివేయబడును.

అరుగుమీది ఆ పిల్లవాడు ఆ సాయంకాలము నాయెదుట పదునెనిమిదవసారి కూడిక వేసెను. తమిళపు 58ని తీసివేసి వేసినాడు. కటాఫ్ 171 వచ్చినది. అతడు కోరిన పెద్ద కళాశాలకు అది చాలదు. ఆ సంగతి నేను దాచలేదు. కాని గణితమున ఇంకను ఎనిమిది మార్కులకు చోటున్నదని అతడే చూచి చెప్పెను. పోవునప్పుడు తండ్రి, “రా నాయనా, పోయి సంగటి తిందాం” అని కుమారుని భుజముమీద చేయివేసెను. పిల్లవాడు ఆ రాత్రి నిద్రించెనని మఱునాడు తెలిసినది. వేసవిలో వానికి వచ్చిన సీటు మొదటి ఎంపికది కాదు, నాలుగవది. అచట చేరినాడు, చదివినాడు. తాలూకా కార్యాలయపు ధ్రువపత్రమును మాత్రము తండ్రి అట్టపెట్టెలో నేటికిని భద్రముగా దాచియున్నాడు. తన వంశమున మొదటి పట్టభద్రుడని అందులో వ్రాసియున్నది గదా.